వేప దుంగలో ఒక చీలిక: అబ్‌స్ట్రాక్ట్ శిల్పం ఒకటి ఎలా తయారైందంటే

సరుకు ఒక వేప దుంగ. పొడవు 5.5 అడుగులు, మొదలు దగ్గర అడ్డకొలత 2 అడుగులు, పచ్చిగా ఉన్నప్పుడు బరువు నాలుగైదు వందల కిలోల మధ్య. పూర్తయిన శిల్పం ఎత్తు 4.5 అడుగులు, బరువు 80 కిలోలకు అటూ ఇటూ. లోపలంతా డొల్ల. ఒక పక్క పైనుంచి కిందిదాకా నిలువు చీలిక, ఛాతీ ఎత్తున ఏటవాలుగా ఒక పెద్ద రంధ్రం. పేరు పెట్టలేదు. ఈ రూపంలో ముప్పాతిక వంతు పచ్చికర్ర ఎండే తీరును బట్టి వచ్చింది. మిగిలిన పావు వంతులోనే నా ఇష్టాయిష్టాలు ఉన్నాయి. అబ్‌స్ట్రాక్ట్ (దేని పోలికా లేని) శిల్పం అంటే మనసుకి తోచినట్టు చెక్కేయడం అనుకునేవాళ్ళు చాలామంది తగులుతుంటారు కాబట్టి, ఈ ఒక్క పనినీ మొదటి నుంచీ రాస్తున్నాను.

చెట్టు

విశాఖలో ఒక పాత పెంకుటిల్లు, దాని వాకిట్లో వేపచెట్టు. వెలుతురు కోసం మొదటి నుంచీ రోడ్డు వైపే వాలి పెరిగింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటినప్పుడు ఇంకా ఒరిగింది గానీ పడలేదు. తర్వాత ఇల్లు తీసేసి అపార్ట్‌మెంట్ కట్టాలనుకున్నప్పుడు, వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి తీసుకుని కొట్టించారు. ఇంటాయన నాకు ఫోన్ చేసి, కింద లాబీలో పెట్టుకోవడానికి ఆ చెట్టుతోనే ఏదైనా చేసిపెట్టమన్నారు.

కర్ర ఉచితంగా దొరికిందంటే నేను ముందు భయపడతాను. టింబరు అడితిలో కొన్న టేకుకి చరిత్ర ఉండదు. వాకిట్లో చెట్టుకి ఉంటుంది, అదీ ఇనుము రూపంలో. బట్టలారేసే తీగలు, ట్యూషన్ బోర్డులు, 'అద్దెకు ఇవ్వబడును' రేకులు, ఎన్నికల ఫ్లెక్సీలు, వీటన్నిటి మేకులూ బెరడు కప్పేసుకుని లోపల ఉండిపోతాయి. చైన్ సా పళ్ళు ఒక్క మేకుతో పోతాయి. అందుకే అన్నిటికంటే ముందు మెటల్ డిటెక్టర్‌తో దుంగంతా వెతికి, మోగిన చోటల్లా సుద్దముక్కతో గుర్తు పెట్టాం. మేకు చుట్టూ కర్ర నల్లగా, కొంచెం నీలంగా మారి ఉంటుంది. కర్రలోని టానిన్‌కీ ఇనుముకీ తడిలో జరిగే రసాయన చర్య అది. ఆక్జాలిక్ ఆమ్లంతో ఆ మరక తీసేయొచ్చు. నేను తీయలేదు. శిల్పం వెనక వైపు ఇప్పటికీ ఒక నల్లచార ఉంది, దాన్ని చూసి పెయింటా అని అడుగుతారు.

దుంగ రెండు చివర్లూ చూస్తే అసలు విషయం తెలిసింది. వాలిన చెట్టు కాబట్టి, మొక్కప్పటి కాండం ఉండే నడిమి చోటు సరిగ్గా మధ్యలో లేదు, మూడంగుళాలు పక్కకి జరిగి ఉంది. వాలు పైవైపున కర్ర ఎక్కువ మందంగా పెరిగింది. వేపలాంటి విశాలపత్ర వృక్షాలు ఇలా పైవైపు పెంచే కర్ర కాస్త తేడాగా ఉంటుంది. ఉలి పెడితే నున్నగా తెగదు, నూగులా లేస్తుంది. నాకు ఇది పనికొచ్చే సమాచారం. ఎటు వైపు నున్నగా చేయాలో, ఎటు వైపు ఉలి గుర్తులు వదిలేయాలో అప్పుడే సగం తేలిపోయింది.

గణపతి

వాళ్ళు మొదట అడిగింది గణపతిని. కర్రతో పనిచేసే ఎవరినైనా మొదట అడిగేది అదే, అందులో తప్పు లేదు. ఇంటాయన తల్లిగారికి ఎనభై దాటాయి. ఆవిడ దుంగ దగ్గరే కుర్చీ వేయించుకుని కూర్చుని, "ఇందులో గణపతి వస్తాడా నాయనా?" అన్నారు.

"వస్తాడండీ అమ్మగారూ, కానీ తొండం దగ్గర పగులుతాడు" అన్నాను. హాస్యానికి అనలేదు. ఇంత లావు దుంగని డొల్ల చేయకుండా బొమ్మ చెక్కితే పగులు ఎక్కడ వస్తుందో మన చేతిలో ఉండదు. ముఖం మీదే రావచ్చు.

"మరేం చేస్తావ్?"

ఏదీ కాని రూపం అని చెప్పడం ఎంత కష్టమో ఆ పనిలో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. అప్పుడు నాకు పూరీ సాయం వచ్చింది. ఆవిడ 2015 నవకళేబరానికి పూరీ వెళ్ళొచ్చారట. జగన్నాథ, బలభద్ర, సుభద్రల విగ్రహాలు వేపకర్రవే. అధిక ఆషాఢం వచ్చిన కొన్ని సంవత్సరాల్లో కొత్త దారువుతో మళ్ళీ చేస్తారు. 2015కి ముందు 1996లో చేశారు. "స్వామికి వేళ్ళున్నాయా అమ్మగారూ? చెవులున్నాయా?" అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "కళ్ళున్నాయి కదా" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. అయినా ఒప్పుకున్నారు, కొట్టేసిన చెట్టుకి ముందు పసుపూ కుంకుమా పెట్టాలని ఒక్క షరతు మీద.

ఈ ముచ్చట ఇక్కడ ఎందుకు పెట్టానంటే, మన వైపు అబ్‌స్ట్రాక్ట్ శిల్పాన్ని ప్యారిస్ నుంచి దిగుమతి అయిన సరుకులా మాట్లాడతారు. ప్యారిస్‌లో స్థిరపడ్డ రొమేనియా శిల్పి బ్రాంకుసి పేరు ఎత్తకుండా క్లాసు మొదలుకాదు. ఆయన 1918లో ఓక్ దుంగలో చెక్కిన అంతంలేని స్తంభం గొప్పదే, నేర్చుకోవలసినది చాలా ఉంది. కానీ పోలిక వదిలేసి కర్ర మొద్దుతనాన్ని అలాగే ఉంచిన రూపం ముందు చేతులు జోడించడం ఈ తీరంలో జనానికి ఎప్పటి నుంచో అలవాటే. నా క్లయింట్లకి నేను నచ్చచెప్పేది అక్కడి నుంచే.

నడిమి తీసేయడం

ఇప్పుడు అసలు కథ.

పచ్చికర్రలో నీళ్ళు రెండు చోట్ల ఉంటాయి: కణాల బోలు లోపల, కణాల గోడల్లో. మొదట బోలులోని నీరు పోతుంది, అప్పుడు బరువు తగ్గుతుంది గానీ కొలత మారదు. తేమ సుమారు 28, 30 శాతానికి దిగాక గోడల్లోని నీరు పోవడం మొదలవుతుంది. కర్ర కుంచించుకుపోవడం అప్పుడే మొదలు. అది అన్ని దిక్కులా ఒకేలా కుంచించుకోదు. పొడవులో దాదాపు ఏమీ మారదు. నడిమి నుంచి బెరడు వైపు కొంత తగ్గుతుంది. వలయాల వెంట, అంటే చుట్టుకొలత దిశలో, దానికి ఇంచుమించు రెట్టింపు తగ్గుతుంది.

లెక్క వేసి చూడండి. రెండడుగుల దుంగ చుట్టుకొలత 75 అంగుళాలు. ఈ రెండు దిశల మధ్య తేడా 3 శాతమే అనుకున్నా, చుట్టుకొలతలో రెండంగుళాల పైన లోటు పడుతుంది. ఆ లోటు ఎక్కడో ఒక చోట నోరు తెరవాలి. నిండు దుంగకి తప్పించుకునే దారి లేదు కాబట్టి బెరడు నుంచి నడిమి దాకా బీట వారుతుంది. ఎంత నెమ్మదిగా ఆరబెట్టినా సరే. నూనె పూస్తే పగలదు, పేడ పూస్తే పగలదు అని చాలా చెప్తారు. పూతలు వేగాన్ని తగ్గిస్తాయి, ఈ లెక్కని మార్చవు.

మారాలంటే ఆకారం మారాలి. నడిమి తీసేసి గొట్టంలా చేస్తే, గోడ తనంతట తాను లోపలికి కుంచించుకోవడానికి చోటు దొరుకుతుంది. ఆ గొట్టాన్ని ఒక పక్క నిలువుగా చీల్చేస్తే ఇంక ఒత్తిడే ఉండదు. పగులు వచ్చే చోటు మనమే ముందుగా ఇచ్చేశాం అన్నమాట. ఇది కొత్త ఉపాయం కాదు. మధ్యయుగపు జర్మనీలో లైమ్‌వుడ్ అనే మెత్తటి కర్రతో పనిచేసే శిల్పులు బొమ్మల వీపు వైపు తొలిచేసేవాళ్ళు. జపాన్‌లో బుద్ధ విగ్రహాలని డొల్లగా, ముక్కలుగా కూర్చేవాళ్ళు. ఇళ్ళ స్తంభాలకి కనపడని వైపు ముందే ఒక నిలువు కోత పెట్టడం కూడా అక్కడి పద్ధతే.

వాళ్ళు దాచిన కోతని నేను ముందుకి తిప్పాను. ఈ శిల్పంలో నా నిర్ణయం అంటూ ఉంటే అదే. కర్ర బతకడానికి ఎలాగూ ఒక చీలిక కావాలి, ఎలాగూ డొల్ల కావాలి. ఆ రెండూ దాచిపెట్టుకోవలసిన వైద్యం అనుకుంటే బయటి రూపం వేరే వెతుక్కోవాలి. వాటినే రూపం అనుకుంటే వెతుకులాట అక్కడితో ఆగిపోతుంది, ఇక చీలిక ఎక్కడ, ఎంత వాలు, అంచు ఎలా అన్నవే మిగులుతాయి.

చీలికని మందపు వైపు పెట్టాలా, పల్చటి వైపు పెట్టాలా అని ఆచారిగారితో చాలాసేపు వాదన జరిగింది. ఆయన నా దగ్గర పెద్దపనులకి వచ్చే వడ్రంగి, చేతిలో బాడిత ఉంటే నాకంటే ముందు కర్ర మాట వింటారు. "పల్చటి పక్క చీరితే పని సులువు, మందం పక్క చీరితే చూపు లోపలికెళ్తాది" అన్నారు. మందం పక్కే చీల్చాం. గోడ మందం ఆ అంచులో కనపడాలి. మూడంగుళాల కర్ర కోసిన చోట కంటికి కనిపిస్తేనే లోపలి ఖాళీకి బరువు వస్తుంది. పల్చటి వైపు చీల్చి ఉంటే డబ్బాకి రంధ్రం పెట్టినట్టుండేది.

ఛాతీ ఎత్తున ఉన్న పెద్ద రంధ్రం ఒకప్పుడు కొమ్మ చీలిన పంగ. అక్కడ నార మెలికలు తిరిగి, రంగు ముదిరి, ఎంతో అందంగా ఉంటుంది. ఫర్నిచర్ వాళ్ళయితే దాన్ని పలకగా కోసి పాలిష్ పెడతారు. కానీ అందరి చూపూ అక్కడే పడే చోటుని అలాగే ఉంచితే మిగతా శిల్పం దానికి ఫ్రేము అయిపోతుంది. అందుకని పంగ మధ్యభాగం తొలిచేసి రంధ్రం చేశాను. మెలికల నార దాని అంచుల్లో మాత్రం కనిపిస్తుంది. ఆచారిగారు రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

తొలిచే పని గురించి ఎక్కువ చెప్పేది లేదు. మోత, పొట్టు, నడుం నొప్పి. దుంగని పడుకోబెట్టి రెండు చివర్ల నుంచీ పొడుగాటి బర్మాలతో వరసగా రంధ్రాలు వేసి, మధ్య భాగాన్ని గౌజ్ అనే వంపు ఉలితోనూ, చీలిక దగ్గర చైన్ సా మొనతోనూ తీశాం. చైన్ సా మొనతో పొడిచి కోయడం అనుభవం లేనివాళ్ళు అసలు చేయకూడదు, మిషన్ వెనక్కి తన్నితే ముఖానికే వస్తుంది. ఈ పనికి నేను కోతపని వాళ్ళనే పిలుస్తాను.

ఎండబెట్టడం

పచ్చిగా ఉండగానే గోడ మూడున్నర అంగుళాలు ఉండేలా ముతక రూపం తెచ్చి ఆపేశాం. పని వానాకాలంలో పెట్టుకున్నది కావాలనే. విశాఖ ఎండాకాలంలో సముద్రపు గాలికి ముతకరూపాన్ని వదిలేస్తే బయటి పొర ముందు ఎండి లోపలి పొరతో తగాదా పెట్టుకుంటుంది. రెండు చివర్లకీ కరిగించిన మైనం పట్టించాం. నార తెగిన చివరల నుంచి నీరు పక్కల నుంచి పోయేదానికంటే ఎన్నో రెట్లు వేగంగా పోతుంది. మొదట్లో రాత్రిపూట తడి గోనెపట్టాలు, ఆ తర్వాత పొడి గోనెపట్టాలు, ఆ తర్వాత ఉత్త నీడ. ఫ్యాన్ లేదు.

వేపకి పుచ్చు పట్టదని ఊళ్ళో ఎవరిని అడిగినా చెప్తారు. చేవకి, అంటే లోపలి ముదురు కర్రకి, చాలావరకూ నిజమే. బయటి తెల్లచెక్కలో పిండిపదార్థం ఉంటుంది, పురుగుకి అది వేపదా, మరొకటా అన్న పట్టింపు లేదు. కింద మెత్తటి పిండి రాలుతుంటే అప్పటికే ఆలస్యం అయినట్టు. తెల్లచెక్క దాదాపు అంతా చెక్కేశాను. చీలిక ఒక అంచున మాత్రం వేలెడు వెడల్పున ఉంచాను. ఎర్రటి చేవ పక్కన ఆ పాలిపోయిన గీత లేకపోతే దూరం నుంచి చీలిక అంచు కనిపించదు. దానికి బోరాక్సు, బోరిక్ యాసిడ్ కలిపిన వేడినీళ్ళు పచ్చిగా ఉన్నప్పుడే పట్టించాం. కర్రలో తడి ఉంటేనే ఆ మందు లోపలిదాకా పాకుతుంది.

ఏడాది దాటాక, తూకం వేసిన ప్రతిసారీ అదే బరువు రావడం మొదలయ్యాక, ఉలి మళ్ళీ పట్టాను. అప్పటికి చీలిక మొదట కోసినదానికంటే అంగుళానికి పైగా తెరుచుకుంది. అదీ సమంగా కాదు, పైన ఎక్కువ, కింద తక్కువ. నేను నిటారుగా కోసిన గీత సన్నటి వంపు తిరిగింది. దాన్ని సరిచేయాలా అని ఆలోచించి, వంపుకి తగ్గట్టు రెండో అంచుని మార్చాను. ఈ శిల్పాన్ని చూసినవాళ్ళు ఎక్కువగా మెచ్చుకునే గీత అదే, దాన్ని గీసింది కర్ర ఎండిన తీరు.

ఏది సరైన గీత?

పోలిక ఉన్న బొమ్మలో ముక్కు వంకర పోతే చిన్నపిల్లాడు కూడా చెప్తాడు. ఇక్కడ ఎవరు చెప్తారు? నా వరకు కొన్ని పరీక్షలున్నాయి. సిద్ధాంతం అనలేను, పని అలవాట్లు.

మొదటిది అంచు. ప్రతి అంచూ ఎక్కడో పుట్టి ఎక్కడో ముగియాలి. ముగిసే చోట అది మరో అంచుని కలవాలి, లేదా మెల్లగా మొద్దుబారి ఉపరితలంలో కరిగిపోవాలి. ఊరికే ఆగిపోయిన అంచు పని మధ్యలో వదిలేసినట్టు కనిపిస్తుంది. కొత్తవాళ్ళ శిల్పాల్లో నాకు ముందు కనిపించేది ఇలా దిక్కు లేకుండా ఆగిన అంచులే. రెండోది, చీకట్లో ఒకే బల్బు పట్టుకుని చుట్టూ తిరగడం. పగటి వెలుతురులో బాగున్న వంపులు పక్కవాటు వెలుతురులో గుంటలుగా బయటపడతాయి. మూడోది అరచేయి. కళ్ళు మూసుకుని నిమిరితే చేయి ఆగిన చోట ఏదో ఒక కారణం ఉండాలి.

నాలుగోది నాకు అన్నిటికంటే కష్టం, పోలికని పట్టుకోవడం. రెండో విడత చెక్కుతుండగా ఒక దశలో శిల్పం ఒక పక్క నుంచి పైట కప్పుకుని నిలబడ్డ ఆడమనిషిలా అయింది. చూసినవాళ్ళంతా అబ్బ ఎంత బాగుందో అన్నారు. పోలిక దొరికిన వెంటనే కన్ను చూడడం మానేస్తుంది, పేరు పెట్టేసి ముందుకెళ్ళిపోతుంది. సగం పోలిక ఇంకా నష్టం: మిగతా సగం ఎందుకు లేదని అడుగుతారు. భుజంలా ఉన్న చోటుని రెండంగుళాలు దించి, రెండు వైపులా ఎత్తు దాదాపు సమం చేశాను. ఆడమనిషి పోయింది. శిల్పం కొంచెం కరుకైంది కూడా, ఆ నష్టం నాకు తెలుసు.

ఉపరితలం విషయంలో బ్రిటిష్ శిల్పి బార్బరా హెప్‌వర్త్ నాకు దగ్గర. ఆవిడకి 1954లో నైజీరియా నుంచి గ్వారియా అనే కర్ర టన్నుల కొద్దీ వచ్చింది. ఆ దుంగలతో డొల్ల శిల్పాలు చేసి, వాటిలో కొన్నిటికి లోపల తెల్లరంగు వేశారు. లండన్‌లో టేట్ మ్యూజియం సేకరణలో ఉన్న 'కోరింథోస్' అలాంటిదే. ఆ గ్వారియా మన వేప కుటుంబం చెట్టే, మహాగని కూడా అంతే. తెల్లరంగు వేద్దామన్న కోరిక నాకూ కలిగింది గానీ, అది ఆవిడ సంతకం. ఇంకో దారి లోపల కాల్చి నల్లగా చేయడం, బ్రిటన్‌లో డేవిడ్ నాష్ అనే శిల్పి అద్భుతంగా చేస్తాడు. బ్లో ల్యాంపు తెచ్చి చిన్న ముక్క మీద చూపిస్తే పెద్దావిడ ముఖం మాడిపోయింది. "వాకిట్లో చెట్టుని కాలుస్తావా?" కాలిన కర్ర మన ఇళ్ళల్లో ఎక్కడి గుర్తులు తెస్తుందో ఇంగ్లండ్‌లో ఎవరికీ పట్టనక్కర్లేదు, నాకు పట్టాలి.

చివరికి బయట నున్నగా, లోపల ఉలి గుర్తులతో వదిలేశాను. నున్నగా అంటే తేలిక కాదు. వేపలో నార ఒక పొరలో ఇటు, పక్క పొరలో అటు తిరిగి ఉంటుంది. చిత్రిక పడితే ఒక పట్టీ మెరుస్తుంది, పక్క పట్టీ చీలి లేస్తుంది. పదునైన ఉలితో నారకి అడ్డంగా ఏటవాలుగా కోసుకుంటూ వచ్చి, ఆకురాయి, ఆపైన 80 నుంచి 320 నంబరు దాకా ఎమరీ కాగితాలు పట్టాం. టర్పెంటైన్ కలిపి పల్చన చేసిన అవిసెనూనె పలుమార్లు, చివర్న తేనెమైనం. పాలీయురిథేన్ మెరుపు అడిగారు, వద్దన్నాను. కదిలే కర్ర మీద గట్టిపొర కొన్నాళ్ళకి అంచుల్లో లేస్తుంది, అప్పుడు మొత్తం గీకడమే గతి. నూనె తుడిచిన గుడ్డలు ముద్దగా ఓ మూల పడేయకండి, వాటంతట అవే అంటుకుంటాయి. నీళ్ళల్లో తడిపి పరిచి ఆరేయాలి.

లాబీలో

పీఠం టెక్కలి వైపు దొరికే నీలం గ్రానైట్. శిల్పానికీ రాయికీ మధ్య అరంగుళం ఖాళీ ఉంచి స్టెయిన్‌లెస్ స్టీల్ రాడ్ల మీద నిలబెట్టాం. కర్రలో రాడ్ల రంధ్రాలు గుండ్రంగా కాకుండా కోలగా వేశాం, కర్ర జరగడానికి వీలుగా. ఖాళీ ఎందుకంటే, అపార్ట్‌మెంట్ లాబీల్లో రోజూ ఫినాయిల్ నీళ్ళతో తుడుస్తారు. నార చివరలు నేలకి ఆనితే ఆ నీళ్ళు పైకి పీల్చుకుంటాయి, ఏడాదిలో అడుగు నల్లబడుతుంది.

ఏసీ గురించి మొదట్లోనే టెన్షన్ పడి అడిగాను. విశాఖ బయటి గాలిలో కర్ర తేమ 14 శాతం దగ్గర నిలబడితే, రోజంతా ఏసీ ఉన్న గదిలో 9కి దిగుతుంది. ఈ లాబీకి ఏసీ లేదు, రెండు పక్కలా తెరిచే ఉంటుంది. నిండు దుంగ అయితే ఈ మాత్రం మార్పులకి కూడా పగుళ్ళు వేసేది. ఇది వానల్లో చీలిక కొంచెం మూస్తుంది, వేసవిలో తెరుస్తుంది. వాచ్‌మన్ పిల్లలు చీలికలో చేయి పెట్టి చూసి అవతలి రంధ్రంలోంచి తీస్తుంటారు, అందుకే అక్కడి అంచులు మిగతా చోట్లకంటే నునుపెక్కాయి. పై అంచులో ఒక ముడి దగ్గర వెంట్రుకవాసి బీట ఒకటి వచ్చింది. దాని చివర పెన్సిల్ గీత పెట్టి తేదీ రాశాను. అది గీత దాటలేదు కాబట్టి పూడ్చలేదు.

ఖర్చు సంగతి అడిగేవాళ్ళకి ఒక మాట. కర్ర ఉచితమే అయినా క్రేను, లారీ, కోతపని, ఆచారిగారి కూలీ, గ్రానైటు కలిపితే టేకు పలకలు కొన్నంత అవుతుంది. వీటన్నిటికంటే క్లయింటుకి వివరించడం కష్టమైనది ఎండబెట్టిన కాలం. ఏడాది పాటు అంత చోటు ఆక్రమించిన దుంగకి అద్దె ఎవరు కట్టాలి? నేను ఇప్పుడు కొటేషన్ రెండు భాగాలుగా ఇస్తున్నాను. ముతకరూపం దాకా ఒకటి, ఎండాక చెక్కేది ఇంకొకటి, నిల్వ ఖర్చు మొదటి దాంట్లోనే కలిపి. తొందరగా కావాలన్నవాళ్ళకి అడితిలో ఎండిన టేకు దిమ్మెలు అతికించి చేసే పని చూపిస్తాను. అది వేరే శిల్పం, దానికి చీలిక అక్కర్లేదు.